అయిదో వంతెన దగ్గర సరంగు

కస్తూరి చేసే ఉద్యోగం ఏమిటో ఆమె అత్తగారికి ఎంత చెప్పినా తలకెక్కలేదు. "మా కోడలు విశాఖపట్నంలో పెద్ద ప్రయోగశాలలో చేస్తుందండీ" అని నలుగురిలో చెప్పుకుంటుంది గానీ, అక్కడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే వంట సంగతిలోకి దిగిపోతుంది. నలభై నాలుగేళ్ళ ఆడమనిషి పొద్దుట తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా వీడియో గేముల ముందు కూర్చుంటుందని ఏ నోటితో చెప్పగలదు పాపం!

నిజానికి కస్తూరి ఆడేది తక్కువ, పోల్చేది ఎక్కువ. మన పిల్లలు ‘ఏడు వంతెనల ఆట’ అని పిలుచుకున్న ఆట ఒకటుంది. దాని అసలు పేరు జపాను భాషలో నోరు తిరగనంత పొడుగు. ఒక కుర్ర వీరుడు గుర్రమెక్కి ఏడు నదుల మీద ఏడు వంతెనలు దాటి, రాక్షసుడు ఎత్తుకుపోయిన తన ఊరి గంటను తిరిగి తెచ్చుకుంటాడు. దారిలో జనంతో మాట్లాడాలి, ఎవరి మాట నమ్మాలో ఎంచుకోవాలి, వీరుడి బలం కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. మొదటి కూర్పు పంతొమ్మిది వందల తొంభై ఏడులో వచ్చింది. ఆ తర్వాత అరచేతిలో పట్టే యంత్రం కోసం ఒకసారి కుదించారు. ఇంకొన్నాళ్ళకి కంప్యూటర్ల కోసం బొమ్మలకు నునుపు పెట్టారు. ఏడేళ్ళ కిందట, రెండువేల ఇరవై తొమ్మిదిలో, పునాదుల నుంచి మళ్ళీ కట్టి పెద్ద ఆర్భాటంతో రీమేక్ వదిలారు. ఈ నాలుగింటినీ పక్కపక్కన నాలుగు తెరల మీద నడిపించి, ఏది ఎక్కడ మారిందో, ఎందుకు మారిందో కనిపెట్టడం కస్తూరి పని.

ఆ పనంటే ఆమెకి ప్రాణం. మూడో వంతెన దగ్గర వాన పడుతుంది. మొదటి కూర్పులో ఆ వానంతా కలిపి నాలుగు ఏటవాలు గీతలు. రెండోదాంట్లో యంత్రానికి అంత ఓపిక లేక వాన ఎత్తేశారు గానీ మాటలు మార్చడం మరిచిపోయారు. దాంతో ఊరివాళ్ళు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి "ఎంత వానో!" అంటూ వణుకుతుంటారు. మూడోదాంట్లో వానని ఎంత బాగా గీశారంటే వంతెనే కనబడదు. రీమేక్‌లో వీరుడి చేతికి గొడుగిచ్చారు. ఇక అయిదో వంతెన కూలిపోయి ఉంటుంది. మొదటి కూర్పులో పూటకూళ్ళ అవ్వ ఒకత్తె "ఈ పూటకి పడుకో నాయనా, తెల్లారేసరికి వంతెన బాగవుతుంది" అంటుంది. వీరుడు పడుకుంటాడు, తెల్లారుతుంది, వంతెన బాగవుతుంది. రెండోదాంట్లో అవ్వని తీసేశారు. మూడోదాంట్లో మళ్ళీ తెచ్చి సగం మాటలు మింగేశారు. రీమేక్‌లో అవ్వకి పాతికేళ్ళ వయసొచ్చింది, వీరుడికి ఈతొచ్చింది.

వీటిలో ఏది అసలైన ఆట అని లక్షలమంది కొట్టుకు చస్తుంటారు. కస్తూరికి ఆ తగువు పట్టదు. తేడా కంటబడితే చాలు, అది ఎక్కడ పుట్టిందో తేలేదాకా ఆమెకి అన్నం సహించదు.

అలాంటి మనిషికి నాలుగు కూర్పుల్లోనూ లేని మనిషొకడు తగిలాడు.

ప్రయోగశాలలో ‘జల్లెడ’ అనే యంత్రం ఉంది. దాన్ని తయారుచేసింది డాక్టర్ మెహరున్నీసా. గుంటూరావిడ, అరవై దాటినా మెట్లు ఎగిరెగిరి ఎక్కే మనిషి. ఒక ఆట బాగా తెలిసినవాడి మనసు తెరకంటే అరక్షణం ముందు నడుస్తుందని ఆవిడ కనిపెట్టింది. మలుపు తిరగకముందే మలుపు అవతల ఏముందో మనసు గీసేసుకుంటుంది. ఆ గీతని ఆడేవాడి తలకి పెట్టిన తీగల టోపీ పట్టుకుని రెండో తెర మీద బొమ్మగా వేస్తుంది, మాట ఉంటే మాట కూడా వినిపిస్తుంది. రెండు తెరలూ సరిపోలితే సరే. పోలనివన్నీ జల్లెడలో నూకల్లా పైన మిగులుతాయి. ఒక్కసారికి బొమ్మ మసకగా వస్తుంది కాబట్టి అదే ఘట్టాన్ని నాలుగు విడతలు తిప్పాలి.

పోయిన ఏడాది నరసాపురం నుంచి ఏసుపాదం అనే డ్రిల్లు మాస్టారు వచ్చి ఆ టోపీ పెట్టుకున్నాడు. చిన్నప్పుడు ఏడు వంతెనల ఆట ఆడినవాళ్ళు కావాలని పేపర్లో ప్రకటన చూసి వచ్చాడు. అయిదో వంతెన దాకా రెండు తెరలూ అక్కచెల్లెళ్ళలా నడిచాయి. వంతెన కూలగానే మొదటి తెర మీద పూటకూళ్ళ అవ్వ వచ్చింది. రెండో తెర మీద గోదావరి వచ్చింది.

గోదావరే, సందేహం లేదు. ఎర్రటి నీళ్ళు, రేవు, మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించుకుని రేవు వైపు వస్తున్న ఇనప పంటు. పంటు మీద ఇనప కవచం తొడుక్కున్న వీరుడి గుర్రం, దాని పక్కన ఒక పచ్చ స్కూటరు. తలకి తువ్వాలు చుట్టుకుని, లుంగీ మడిచి కట్టుకున్న సరంగు చుక్కాని పట్టుకుని ఉన్నాడు.

"మిషను పాడైనట్టుంది మేడం," అన్నాడు తీగలు చూసే ఇంజనీరు.

"అదిగోండి, వచ్చేత్తన్నాడు సరంగు!" అన్నాడు ఏసుపాదం కుర్చీలోంచి, పెద్ద పండగలా.

కస్తూరికి నవ్వాగలేదు. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వి అప్పుడు చెప్పింది. "మిషను బాగానే ఉంది మేడం. ఆ సరంగు మా అమ్మ."

సంగతేమిటంటే, నరసాపురంలో రేవుకి వెళ్ళే దారిలో కస్తూరి తల్లి మంగతాయారు వీడియో గేముల కొట్టు నడిపేది. రెండు టీవీలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఊళ్ళో పిల్లలందరికీ ఆవిడ తాయారత్త. ఏడు వంతెనల ఆట మద్రాసు నుంచి దొంగ డిస్కుగా వచ్చింది. వచ్చిన నాలుగు నెలలకే కస్తూరి అన్న సూరిబాబు చేతిలోంచి జారి గీతలు పడింది. అప్పటికి సూరిబాబుకి పదేళ్ళు, కస్తూరికి ఆరు. ఆనాటి నుంచీ ఇంట్లో ఏ గిన్నె సొట్టపడినా "సూరిగాడు పట్టుకున్నాడా?" అని అడగడం ఆనవాయితీ అయింది. గీతలు పడ్డాక ఆట సరిగ్గా అయిదో వంతెన దగ్గర బిగుసుకుపోయేది.

కొత్త డిస్కు తెప్పించే దారి లేదు. డిస్కు పాడవకముందే ఆ వంతెన దాటి దాచిపెట్టిన మెమరీ కార్డు ఒకటి మాత్రం ఉంది. అందుకని తాయారత్త ఒక పద్ధతి పెట్టింది. అయిదో వంతెన రాగానే ఆడుతున్న పిల్లలు తెరకి వీపు పెట్టి ఆవిడ వైపు తిరిగి కూర్చోవాలి. "సరంగు భోజనానికి వెళ్ళాడు, వచ్చేస్తాడు" అని మొదలుపెట్టి, పంటు ఎలా వచ్చిందో, వీరుడు గుర్రంతో సహా ఎలా ఎక్కాడో, నది మధ్యలో సరంగు ఏమన్నాడో ఆవిడ నోటితో చెప్పేది. చెబుతూ చెబుతూ వెనకనుంచి చేయి పెట్టి కార్డు మార్చేసేది. పిల్లలు ఇటు తిరిగేసరికి వీరుడు అవతలి ఒడ్డున ఉండేవాడు. చేతిలో కత్తి మారిపోయి, సంచిలో సరుకులు పెరిగిపోయి ఉండేవి. "ఎక్కడివత్తా?" అంటే "సరంగు ఇచ్చాడు" అనేది.

నరసాపురం పిల్లలు అది ఆటలో భాగమే అనుకున్నారు. పెద్దయ్యాక వాళ్ళ తలల్లో మాట కాస్తా బొమ్మయిపోయింది.

మెహరున్నీసా కుర్చీలోంచి లేచి నిలబడింది. "అంటే ఇది అయిదో కూర్పు కస్తూరీ! ఎక్కడా అచ్చుకాలేదు. మీ ఊరివాళ్ళ బుర్రల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. మొత్తం పోగుచేద్దాం."

అలా పోగుచేశారు. కస్తూరి తన ఊరి పరిచయాలన్నీ తవ్వి, ఒక్కొక్కరికీ ఫోన్లు చేసి, ఏసుపాదంతో కలిపి తొమ్మిదిమందిని రప్పించింది. తొమ్మిదిమందిలోనూ సరంగు దొరికాడు. తమాషా ఏమిటంటే ఒకడి సరంగు ఇంకొకడి సరంగు కాదు. తండ్రి సముద్రం మీద వేటకి పోయిన ఏసుపాదంతో సరంగు "పొద్దుగూకేసరికి పడవలన్నీ వచ్చేత్తాయిరా" అన్నాడు. చీకటంటే జడిసే లేసుల వ్యాపారి కూతురితో రాక్షసుడికి కూడా చీకటంటే భయమని గుట్టు చెప్పాడు. నత్తి ఉన్న పిల్లాడొకడి జ్ఞాపకంలో సరంగుకే నత్తి ఉంది. మంగతాయారు కూడా ఎవరికి తగ్గ రీమేక్ వాళ్ళకి చేసిపెట్టిందన్నమాట. కస్తూరి తొమ్మిదింటినీ తొమ్మిది తెరల మీద పెట్టుకుని వారం రోజులు మురిసిపోయింది.

ఆ మురిపెం నెలరోజులే. ఏసుపాదం వేరే పనిమీద విశాఖ వచ్చి, పలకరించి పోదామని ప్రయోగశాలకి వచ్చాడు. టీ తాగుతూ ఉండగా కస్తూరి యథాలాపంగా సరంగు ప్రస్తావన తెచ్చింది.

"సరంగేంటండి?" అన్నాడు ఏసుపాదం.

"అదే మాస్టారూ, అయిదో వంతెన దగ్గర..."

"అయిదో వంతెన కాడ అవ్వ కదండి ఉంటది. పడుకోమంటది."

"మా అమ్మ చెప్పేది కదా. తాయారత్త. మీరు వెనక్కి తిరిగి కూర్చునేవారు."

ఏసుపాదం మర్యాదస్తుడు కాబట్టి గుర్తొచ్చినట్టు నటించబోయాడు గానీ చేతకాలేదు. "అత్త గుర్తుందండి. కొట్టు గుర్తుంది. అత్త నాకు కత చెప్పడం మాత్రం... లేదండి. నన్నింకెవరో అనుకుని చెబుతున్నారేమోనండి," అన్నాడు.

మిగతా ఎనిమిదిమందికీ ఫోన్లు చేశారు. అందరిదీ అదే పాట. మెహరున్నీసా రెండు రోజులు తలుపేసుకుని కూర్చుని కారణం పట్టుకుంది. మనసు నాలుగుసార్లు సరంగు కోసం ఎదురుచూసింది. నాలుగుసార్లూ తెర "లేడు" అంది. అయిదోసారికి మనసు ఎదురుచూడటం మానుకుంది. మూడు విడతలదాకా మనసు తట్టుకుంటుంది, నాలుగోదాంతో వదిలేస్తుంది. పోనీ వదిలేది సరంగు ఒక్కణ్ణేనా అంటే, పులుసులోంచి ముక్క తీస్తే చుట్టూ ఉన్న పులుసు కూడా కొంత గరిటెలోకి వచ్చేస్తుంది కదా. తాయారత్త గొంతు, ఆ సాయంత్రాలు, కిందటి రోజూ మరుసటి రోజూ కొంత కొంత ఊడొచ్చాయి.

"ఇక బయటివాళ్ళెవర్నీ ఈ కుర్చీలో కూర్చోబెట్టను," అంది మెహరున్నీసా. "ఎనిమిదేళ్ళ కష్టం. పోతే పోయింది."

కస్తూరి సిగ్గుతో చచ్చిపోయింది. వాళ్ళందరినీ పిలిచింది తనే. ఊరికి వెళ్ళి ఒక్కొక్కరి ఇంటికీ తిరిగి, జరిగింది చెప్పి, చేతులు పట్టుకుని క్షమించమంది. వాళ్ళు "పోన్లెండమ్మా, చిన్నప్పటి ఆటే కదా" అన్నారు. ఏం పోయిందో తెలిస్తే కదా బాధపడటానికి! అదే కస్తూరిని ఎక్కువ కోసింది.

అయినా కుతూహలం పాడుది, సిగ్గుపడి ఊరుకునే రకం కాదు. ఆ తొమ్మిది బొమ్మలు ఆమె బల్ల మీదే ఉన్నాయి. పాత తాళపత్రాలు పోల్చే పండితులు చేసేదే ఆమె కూడా చేసింది. అన్నిటిలోనూ మారకుండా ఉన్నదేదో అదే మాతృక. మారనివి మూడే తేలాయి. ‘సరంగు భోజనానికి వెళ్ళాడు’ అన్న మొదటి మాట ఒకటి, పచ్చ స్కూటరు ఒకటి, పంటు లోపలి సంగతులు ఒకటి. తాడు ఎవరు విసురుతారు, ఇంజను గదిలో ఏ సందులో దూరితే ఎవరికీ కనబడకుండా అవతలి ఒడ్డుకి పోవచ్చు, సరంగు అన్నం గిన్నె ఎక్కడ పెట్టుకుంటాడు, అన్నీ పూసగుచ్చినట్టు ఉన్నాయి.

కస్తూరి అక్కడ ఆగిపోయింది. మంగతాయారుకి నీళ్ళంటే చచ్చేంత భయం. గూడెం దగ్గర మెరక ఊరినుంచి వచ్చిన మనిషి, నరసాపురంలో ముప్ఫై ఏళ్ళ పైన ఉండి ఒక్కనాడు పంటు ఎక్కలేదు. సఖినేటిపల్లిలో పెళ్ళయితే ఇరవై మైళ్ళు చుట్టు తిరిగి బస్సులో వెళ్ళింది. అలాంటి అమ్మకి ఇంజను గది వెనక సందు ఎలా తెలుసు?

సమాధానం తన తలలోనే ఉండొచ్చు. కొట్లో అందరికంటే ఎక్కువసార్లు ఆ కథ విన్నది తనే. జల్లెడలో కూర్చుంటే, అమ్మ మొదటిసారి చెప్పిన రోజు దొరికితే, అమ్మకి ఎవరు చెప్పారో తెలిసిపోతుంది. కానీ అమ్మ పోయి పదేళ్ళయింది. అమ్మ గొంతు ఏ యంత్రంలోనూ దాచుకోలేదు. పెళ్ళి వీడియోలో ఉన్నదంతా బాజా చప్పుడే. టీవీ మీద చేయి వేసి గాజులు చప్పుడవుతుండగా "సరంగు భోజనానికి వెళ్ళాడు" అనే ఆ ఒక్క ముక్కలోనే కస్తూరికి అమ్మ గొంతు చెక్కుచెదరకుండా వినిపిస్తుంది. తెలుసుకోవాలంటే దాన్ని పోగొట్టుకోవాలి. దాచుకోవాలంటే తెలియకుండా బతకాలి.

పది రోజులు తిండీ నిద్రా లేకుండా తిరిగి, ఆఖరికి కూర్చుంటానని మెహరున్నీసాతో చెప్పేసింది. ఆవిడ ముందు తిట్టింది, తర్వాత బతిమాలింది, చివరికి "బయటి మనిషివి కాదు, తెలిసి అడుగుతున్నావు, నీ ఇష్టం" అని శుక్రవారం ఖాయం చేసింది.

గురువారం కస్తూరి సూరిబాబుకి ఫోన్ చేసింది. సూరిబాబు నరసాపురంలోనే ఏసీలు బాగుచేసుకుంటూ ఉన్నాడు. నలభై ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు, చేతిలో ఏదీ నిలవదని పేరున్నా ఊళ్ళో అతను ముట్టుకున్న ఏసీ మళ్ళీ చెడదు.

"అన్నయ్యా, అమ్మకి ఆ సరంగు కథ ఎవరు చెప్పుంటారు?"

"ఇప్పుడదంతా ఎందుకే నీకు?" అన్నాడు.

కస్తూరి మొత్తం చెప్పింది. జల్లెడ సంగతి, ఏసుపాదం సంగతి, రేపు తను కూర్చోబోయే సంగతి.

"కూచుంటే అమ్మ గొంతు పోద్దంటావేంటే?"

"ఆఁ. పోతుంది."

"పిచ్చిమాలోకం," అన్నాడు సూరిబాబు. అని ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం పొద్దుట తొమ్మిదింటికి ప్రయోగశాల మెట్ల మీద పనిముట్ల సంచీతో సహా కూర్చుని ఉన్నాడు. బండెక్కి తిన్నగా వచ్చేశాడట. "నేను కూచుంటాను. నీ బదులు," అన్నాడు.

"నీకేం పట్టింది? నువ్వెందుకు?"

"నేనూ అక్కడే ఉన్నాను కదే. నీకు కావాల్సింది నాలో దొరుకుద్ది. దొరక్కపోతే అప్పుడు నువ్వు కూచుందువుగాని. నాకు అమ్మ గొంతు శానా చోట్ల ఉందిలే, తిట్లన్నీ నావే కదా." నవ్వాడు. "ఒక ముక్క పోతే ఏం పోద్ది?"

మెహరున్నీసా అతని చేత మూడు కాగితాల మీద సంతకాలు పెట్టించి, ఏం పోతుందో మూడుసార్లు చెప్పింది. సూరిబాబు మూడుసార్లూ "ఆయ్, తెలిసిందండి" అన్నాడు. టోపీ పెట్టుకుని, కుర్చీ కింద తీగ ఒకటి వదులుగా ఉందని చూపించి, తనే బిగించి కూర్చున్నాడు. మీట దగ్గర కస్తూరి కూర్చుంది. విడత విడతకీ ఆగి, మళ్ళీ తిప్పాలంటే ఆ మీట నొక్కాలి. ఆపాలనుకుంటే ఊరుకోవాలి, అంతే.

మొదటి విడతలో పంటు వచ్చింది. అందరి పంటులాగే ఉంది గానీ బొమ్మ బయటనుంచి కాదు, ఇంజను గది వెనక సందులోంచి చూసినట్టుంది. బడి ఎగ్గొట్టి ఆ సందులో నక్కి అటూ ఇటూ తిరిగే కుర్రాడి చూపు అది. కస్తూరి మీట నొక్కింది.

రెండో విడతలో పంటు చెదిరి పెరడు కనిపించింది. నుయ్యి గట్టు పక్కన శుక్రవారం పూజకి తోమాల్సిన ఇత్తడి సామాను కుప్ప. కుప్ప ముందు ఆరేళ్ళ పిల్ల గొంతుక్కూర్చుని చింతపండు పిప్పి, ముగ్గుపిండి కలిపి ఏదో తోముతోంది. అమ్మ దీపపు కుందులు తోమినట్టే, నాలిక కాస్త బయటపెట్టి, ఒళ్ళంతా బలం పెట్టి తోముతోంది. ఆ పిల్ల చేతిలో ఉన్నది కుంది కాదు, డిస్కు.

"వేలిముద్రలు పడ్డాయన్నయ్యా," అంది తెరలో పిల్ల. "ఎంత తోమినా మెరవట్లేదు. ఇంకా తోమనా?"

కస్తూరి తెర మీదికి వంగింది. ఆ పిల్ల వేసుకున్న గళ్ళ గౌను తనది. మెహరున్నీసా ఆమె భుజం మీద చేయి వేసి "ఆపుతావా?" అంది మెల్లిగా. కస్తూరి మీట నొక్కింది.

మూడో విడతలో కొట్టు. తెర మీద వీరుడు కూలిన వంతెన ముందు కొయ్యలా నిలబడిపోయాడు. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నేనే చంపేశాను. గుర్రాన్ని కూడా చంపేశాను."

ఒక మగపిల్లాడి గొంతు పలికింది. "సావలేదే పిచ్చిమొకమా. వంతెన కూలిపోయింది కదా, పంటు రావాలి. సరంగు బోయనానికెల్లాడు. వచ్చేత్తాడు. ఇటు తిరుగు, నే చెప్తా." ఆ గొంతు తడుముకుంటూ, మధ్యలో ఆగుతూ, మరుక్షణం ఏం చెప్పాలో తనకే తెలియకుండా కథ అల్లుకుంటూ పోయింది. గుర్రం ఎక్కింది, గుర్రం పక్కన పెసిడెంటు గారి పచ్చ స్కూటరు ఎక్కింది. పిల్ల ఏడుపు ఆగింది, ముక్కు తుడుచుకుంది, "తర్వాత?" అంది. గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు. చీర కుచ్చెళ్ళు కనిపించాయి. గాజుల చప్పుడైంది. అమ్మ ఏదో అంది. మాట తెలియలేదు.

విడత ఆగింది.

ఇక్కడ ఆపేస్తే సూరిబాబుకి ఏదీ పోదు. కస్తూరికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. కావాల్సింది దొరికిపోయింది కూడా. సరంగుని పుట్టించింది అమ్మ కాదు, పదేళ్ళ సూరిబాబు. మాతృక తేలింది. లేచి వెళ్ళి అన్న తలమీంచి టోపీ తీసేస్తే సరిపోతుంది. కానీ గుమ్మంలో అమ్మ ఏమంది? డిస్కు ఎవరు పాడుచేశారో అమ్మకి తెలుసా? ముప్ఫై ఎనిమిదేళ్ళు ‘సూరిగాడు పట్టుకున్నాడా’ అని ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే, నవ్విన వాళ్ళలో అమ్మ కూడా ఉందే!

కస్తూరి చేయి మీట మీదే ఉంది. మెహరున్నీసా "వద్దమ్మాయ్" అంది. ఆ మాట వినిపించింది కూడా. అయినా నొక్కింది.

నాలుగో విడతలో బొమ్మ అద్దంలా వచ్చింది. మంగతాయారు ముప్ఫై ఏళ్ళ మొహంతో గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. చెల్లి నీళ్ళు తాగడానికి లోపలికి పరిగెత్తాక కొడుకు దగ్గరికి వచ్చింది.

"కథ బాగుందిరా. రేపట్నుంచి పిల్లలందరికీ నేను చెప్తాను. మరి డిస్కు సంగతి ఏమందాం?"

"నా చేతిలోంచి జారిందమ్మా."

అమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. చేయి తలమీద వేసినట్టుంది, బొమ్మ కొంచెం ఊగింది. "జారిందనే అందాం. ఆ పిచ్చిదానికి ఎప్పటికీ చెప్పకు. గుర్రాన్ని చంపానని ఏడ్చి జొరం తెచ్చుకుంటుంది."

"సెప్పను," అంది పిల్లాడి గొంతు.

తర్వాత రెండో తెర మీద పూటకూళ్ళ అవ్వ ప్రత్యక్షమైంది. మొదటి తెర మీద కూడా అవ్వే ఉంది. రెండు తెరలూ సరిపోలాయి.

సూరిబాబు టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఒళ్ళు విరుచుకుని, "అయిపోయిందా? టీ ఏమన్నా దొరుకుద్దా ఇక్కడ?" అన్నాడు. టీ తెచ్చి ఇచ్చారు. ఊదుకుంటూ తాగాడు. "దొరికిందా మరి నీక్కావాల్సింది?"

"దొరికింది," అంది కస్తూరి. అతని ఎదురుగా కూర్చుని అడిగింది. "అన్నయ్యా, మన కొట్లో ఆ డిస్కు ఎలా పాడైంది?"

"ఏ డిస్కు? వంతెనల ఆటదా?" సూరిబాబు గ్లాసు కింద పెట్టాడు. "నా చేతిలోంచి జారింది కదే. ఊరంతటికీ తెలిసిందే కదా."

ఆ మాట అతను లక్షసార్లు అన్నాడు. ఆ లక్షసార్లూ అబద్ధం ఆడాడు. ఇప్పుడు మాత్రం నిజమనుకునే అన్నాడు.

"కాదు. నేనే. చింతపండు పెట్టి తోమేశాను. ఆ తప్పు నామీద పడకుండా నువ్వు నీమీద వేసుకున్నావు. సరంగుని కూడా నువ్వే పుట్టించావు, నన్ను ఊరుకోబెట్టడానికి."

"నేనా! నాకు కతలెక్కడొచ్చే?" అని పెద్దగా నవ్వాడు సూరిబాబు. "సరంగెవడు?"

కస్తూరి అతన్ని చెయ్యి పట్టుకుని తెర ముందుకి తీసుకెళ్ళి, నాలుగో విడత మొదటినుంచీ వేసి చూపించింది. అతను వంగి శ్రద్ధగా చూశాడు, పనికి వెళ్ళినచోట మిషను చూసినట్టు. తన కళ్ళలోంచి చూసిన బొమ్మ కాబట్టి అందులో అతను లేడు, గొంతు ఒక్కటే ఉంది. అమ్మ కనిపించగానే "అమ్మే" అన్నాడు ఇష్టంగా. "ఎంత చిన్నగా ఉందో! ఆ కుర్రోడెవడే? బాగానే చెప్తున్నాడే."

"నువ్వే అన్నయ్యా."

అతను చెల్లెలి మొహంలోకి చూశాడు. ఆమె ఏడుస్తోంది. మీట నొక్కిన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, ఆరేళ్ళ పిల్ల ఏడ్చినట్టు ఏడుస్తోంది. నువ్వు ఇక్కడిదాకా వచ్చింది నాకు పోకూడదని, నేను ఆపగలిగి కూడా ఆపలేదు అని చెప్పబోయింది గానీ మాట ముక్కలైపోయింది.

సూరిబాబు భుజం మీద తువ్వాలు తీసి ఆమె మొహం తుడిచాడు. చెల్లెలు ఏదో కల్పించి తన పాత తప్పు నెత్తిన వేసుకుంటోందని అతనికి అనిపించింది. జాలేసింది.

"ఊరుకో," అన్నాడు. "డిస్కు పాడుచేసింది నేను. మధ్యన నువ్వెందుకే ఏడుత్తావు?"